చించేసే కార్డు మీద ముఖం

మా ప్రెస్సులో చావు కార్డు పని వచ్చిందంటే మిగతా పనులన్నీ పక్కకు జరిగేవి. పెళ్ళి కార్డు రెండు రోజులు ఆగుతుంది. నూనె సీసా లేబులు వారం ఆగుతుంది. చావు కార్డు ఆగదు. మనిషి పోయిన మూడో రోజుకో నాలుగో రోజుకో అది టపాలో పడాలి, పదో రోజు లోపల ఊళ్ళకు చేరాలి. ఆ కార్డు మీద పోయినవాళ్ళ ముఖం ఉండాలన్న పట్టుదల బిలాస్‌పూర్‌లో ఎనభైల నాటికి బాగా పెరిగింది. ఫోటో నుంచి జింకు బ్లాకు చేయించాలంటే నాగ్‌పూర్ పంపాలి. అది వెళ్ళి రావడానికి వారం పడుతుంది. అందుకని ముఖాన్ని చెక్క మీద చేత్తో చెక్కేవాళ్ళం. నా ఉద్యోగంలో ముఖ్యమైన భాగం అదే.

ఇప్పుడు బొమ్మల పనిలోకి వెళుతున్న మన కాలనీ పిల్లల కోసం నాలుగు మాటలు రాసిమ్మని సంఘం వాళ్ళు అడిగారు. వాళ్ళలో తెలుగు చదవగలిగేవాళ్ళు తక్కువని నాకు తెలుసు. చదివేవాళ్ళు మిగతావాళ్ళకు చెప్పండి. ఎప్పుడు చేరాను, ఎప్పుడు మానాను అన్నవి మీకు అక్కర్లేదు. ఈ పని నిజానికి ఏమిటో, నేను ఎక్కడ తప్పు చేశానో అదే రాస్తాను.

చెక్క

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో పుస్తకాలకూ పత్రికలకూ బొమ్మలు ఎక్కువగా ఇలాగే చెక్కేవారు. వాళ్ళు వాడిన చెక్క మాకు దొరికేది కాదు. మేము హల్దూ వాడేవాళ్ళం. అది పసుపు రంగులో ఉండే ఇక్కడి అడవి చెక్క. దువ్వెనలు చేసేవాళ్ళు కొంటారు. మానును అడ్డంగా కోసిన ముక్కే పనికి వస్తుంది. నిలువుగా కోసిన పలక మీద సన్న గీత నిలవదు, చీలిపోతుంది.

ఆ ముక్కను అద్దంలా నునుపు చేసి, పైన పల్చగా తెల్ల రంగు పూస్తారు. ఆ తెలుపు మీద పెన్సిలుతో బొమ్మను కుడి ఎడమలు తిప్పి గీస్తారు. తర్వాత చెక్కను ఇసుక దిండు మీద పెట్టి, సన్నటి ఉక్కు మొనతో తొలుస్తారు. ఆ మొనను మా ప్రెస్సులో కలమ్ అనేవారు. తొలిచిన చోట కాగితం తెల్లగా ఉండిపోతుంది. వదిలిన చోట నల్లగా అచ్చు పడుతుంది.

బయటివాళ్ళు గమనించని సంగతి ఒకటి ఇందులో ఉంది. చెక్కడం పూర్తయ్యేసరికి గీసిన బొమ్మ మిగలదు. కొంత పొట్టులో పోతుంది, మిగతాది సిరా తుడిచే గుడ్డతో పోతుంది. గీసినవాళ్ళ చెయ్యి ఎలాంటిదో తెలుసుకోవాలంటే చెక్కినవాణ్ణి నమ్మడం తప్ప దారి లేదు.

దాదా

నాకు పని నేర్పినవాడు కలకత్తా నుంచి వచ్చిన బెంగాలీ ముసలాయన. అందరూ దాదా అనేవారు. తెలిపారా పేటలోని మా ప్రెస్సులో కిటికీ పక్క బల్ల ఆయనది. ఆయన దగ్గర పాత ఇంగ్లీషు వారపత్రికల సంపుటాలు రెండుండేవి. మధ్యాహ్నం అన్నాల తర్వాత చెయ్యి తుడుచుకుని వాటిని తెరిచేవాడు. ఓడలు, అగ్నిప్రమాదాలు, రాజుల అంత్యక్రియలు. బొమ్మకు ఒక మూల గీసినవాడి పేరు ఉండేది. చెక్కినవాడి పేరు కొన్నిటికే ఉండేది.

పెద్ద బొమ్మ అయితే చెక్కను ముక్కలుగా విడదీసి పదిమందికి పంచేవారట. ఒకడు రోజంతా ఆకాశమే చెక్కేవాడు, ఇంకొకడు గుర్రం కాళ్ళు చెక్కేవాడు. తర్వాత ముక్కలు కలిపి బిగించేవారు.

"నేనుంటే నాకేమిచ్చేవారు దాదా?" అని అడిగాను.

"నీకా? ఆకాశం. అందులో మబ్బు కూడా ఉండకూడదు."

నేను గీత మీద గీత పెట్టి నింపేసేవాణ్ణి. సన్నగా, దగ్గరగా, లెక్కలేనన్ని గీతలు చెక్కగలిగితే పనివాణ్ణని అనుకునేవాణ్ణి. దాదా నా చెక్కను కిటికీ వెలుగులో తిప్పి చూసి, "అచ్ఛా, దీనికి స్వెట్టర్ అల్లావు. మనిషేడి?" అనేవాడు.

ప్రెస్సు యజమాని సేఠ్‌కు బొమ్మ బాగుందో లేదో తెలియదు. వేళకు వచ్చిందో లేదో తెలుసు. అప్పట్లో దాన్ని లోపం అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోను. పని అడిగేవాళ్ళలో ఎక్కువమంది అలాంటివాళ్ళే, వాళ్ళకి కావలసింది ఇచ్చే బాధ్యత మనది. ఒకసారి గొడుగు గుర్తు వచ్చిన ఒక స్వతంత్ర అభ్యర్థి బ్లాకు చూసి, "ఇందులో వాన లేదేమిటి? వాన లేకపోతే గొడుగెందుకు?" అన్నాడు. వాన కూడా చెక్కిచ్చాను. ఆయన ఓడిపోయాడు. వాన మాత్రం బాగా వచ్చింది.

చావు కార్డుల విషయంలో దాదాకు ఒక నియమం ఉండేది. కార్డులు వెళ్ళిన రోజే చెక్కను చిత్రిక పట్టి ముఖం తీసెయ్యాలి. ప్రూఫు కూడా దాచకూడదు. "పోయినవాళ్ళ ముఖాలు బీరువాలో పెట్టుకుని ఎవడు పని చేస్తాడు?" అనేవాడు. చెక్కకు కరువు కూడా, అది ఆయన చెప్పేవాడు కాదు. చిత్రిక పట్టిన కొద్దీ చెక్క పల్చబడేది. అచ్చు అక్షరాల ఎత్తుకు సరిపోవడానికి కింద అట్టముక్కలు అతికించేవాళ్ళం.

కార్డు అందుకున్నవాళ్ళది ఇంకో ఆచారం. చావు కబురు కాగితం ఇంట్లో ఉంచరు. చదివి, గుమ్మం బయటే చించేస్తారు. అంటే మేము అన్నిటికన్నా శ్రద్ధగా చేసిన పని అన్నిటికన్నా తక్కువ కాలం ఉండేది.

ఇంట్లో గీసిన చెవి

నాకు గీయడం రాదు. చెక్కడమే వచ్చు. దాదాకు చెయ్యి వణుకు మొదలయ్యాక గీసే పని కూడా నా మీద పడింది. చెవులు నాకు కుదిరేవి కావు. ఒక రోజు చెక్కను గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాను. మేము రైల్వే కాలనీ వెనక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నా భార్య వరహాలు బొబ్బిలి నుంచి వచ్చింది. నాకు మేనత్త కూతురు. కాలనీ ఆడవాళ్ళకు ఎంబ్రాయిడరీ కోసం కాగితం మీద పువ్వులు, చిలకలు గీసిచ్చేది.

"చెవి ఇలగుంటాదేటి బావా? అప్పడంనాగ ఉన్నాది," అని నా చేతిలో పెన్సిలు తీసుకుంది. గూట్లోని చిన్న అద్దాన్ని బియ్యం డబ్బాకు ఆనించి, అందులో చూస్తూ చెవిని తిరగేసి గీసింది.

మర్నాడు దాదా చెక్క చూసి, "ఈ చెవి నీది కాదు," అన్నాడు. నేను ఒప్పుకున్నాను. "ఐతే ముఖమంతా ఆమెనే గీయమను. నువ్వు తొలుచు."

అప్పటి నుంచి పన్నెండేళ్ళ పాటు మా ప్రెస్సు నుంచి వెళ్ళిన ముఖాలన్నీ ఆమె గీసినవి. ప్రెస్సు పుస్తకాల్లో ఆమె లేదు. బొమ్మ మూల పేరు పెట్టాలని నాకూ తోచలేదు. చావు కార్డు మీద ఎవరి పేరు పెడతాం అనుకున్నాను. అది సబబుగానే కనిపించింది.

ఆమె తక్కువ గీతల్లో గీసేది. ముక్కుకు ఒకటి, పెదవికి రెండు. నాకు పని ఇవ్వకుండా గీస్తోందని విసుక్కునేవాణ్ణి.

ఎడమ కన్ను

లోకో షెడ్‌లో పనిచేసే పైడిరాజు చకర్‌భాటా రోడ్డు మీద స్కూటరు కల్వర్టుకు కొట్టి పోయాడు. పాతికేళ్ళు కూడా లేవు. తల్లి అప్పయ్యమ్మ మా వీధి చివర ఉండేది. తండ్రి ముందే పోయాడు. రెండో రోజు ఆమె మరిదిని వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చింది. ఉన్న ఫోటో ఒక్కటే. షెడ్‌లో విశ్వకర్మ పూజకు అందరూ కలిసి దిగింది. అందులో అతని ముఖం చిక్కుడు గింజంత.

వరహాలు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అడిగి అడిగి గీసింది. నేను చూస్తూ కూర్చున్నాను.

"ఆడి ఎడం కన్ను వాలి ఉంటాది తల్లీ. సిన్నప్పుడు కురుపు లేసింది. నిద్దరోతన్నాడో మెలకువగున్నాడో నాకే తెలిసీది కాదు."

"నవ్వితే మూసుకుపోతాదేటి పిన్నీ?"

"మూసుకుపోతాది. కన్ను కొట్టినాడని ఒక పిల్ల తల్లి ఇంటి మీదకొచ్చి తగువాడింది. కురుపని సెప్తే నమ్మదే. నానూ నవ్వాపుకోలేకపోనాను."

ఆ మాటకు ముగ్గురూ కొంచెం నవ్వారు. తర్వాత అప్పయ్యమ్మ ఫోటోను కొంగుతో తుడిచి మళ్ళీ వరహాలు ముందు పెట్టింది.

మర్నాడు ప్రెస్సులో ఆ ముఖం చెక్కాను. ఎడమ కంటి దగ్గరికి వచ్చేసరికి రెప్పను పైకి జరిపి, రెండు కళ్ళూ సమానం చేశాను. చావు కార్డు మీద కన్ను వాలి ఉంటే గౌరవంగా ఉండదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. ఆమె గీసింది సరైనదని నాకు తెలుసు. ఆ ముఖంలో నా చెయ్యి కూడా కనపడాలని ఉంది, అంతే. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా చెక్కాను.

మధ్యాహ్నం ప్రూఫు పట్టుకుని వెళ్ళాను. అప్పయ్యమ్మ దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"ఈ బాబెవులు?"

ప్రూఫును నాకు తిరిగిచ్చేసింది.

"ఆస్పత్రి నుంచి గుడ్డ కప్పీసి తెచ్చినారు బాబూ. ముకం సూడొద్దన్నారు. ఇందులోనైనా సూత్తాననుకున్నాను."

ఇంటికి వచ్చి ప్రూఫు వరహాలుకు చూపించాను.

"నానెట్టిన కన్నేది?"

"బాగుంటుందని..."

"బాగుండడానికి ఇది పెళ్ళి కార్డేటి?"

పెన్సిలు తీసుకుంది. చూసి గీయడానికి పాత బొమ్మ లేదు. దాన్ని నేనే తొలిచేశాను. ఇంకో చెక్క మీద మళ్ళీ మొదటి నుంచి గీసింది. ఈసారి ఆమె గీసిన గీతకు ఒక్క గీత కలపకుండా, తగ్గించకుండా చెక్కాను. నేను చేసిన పనుల్లో కష్టమైనది అదే. ఏమీ చెయ్యకుండా ఉండటానికి రోజంతా పట్టింది. అచ్చు పడ్డాక దాదా కార్డు తీసుకుని, "ఆజ్ పహలీ బార్, మొదటిసారి, నువ్వు కనపడలేదు," అన్నాడు. నా జీవితంలో అందుకున్న మెచ్చుకోలు అదొక్కటే.

కార్డులు అందుకున్న రోజు అప్పయ్యమ్మ, "ఈడే," అంది. అంతే.

పదిహేను రోజుల తర్వాత ప్రెస్సుకు వచ్చింది. "కార్డులు అందరూ సింపీసినారు బాబూ. ఆ సెక్క ఇచ్చీ. దేవుడి కాడ ఎట్టుకుంతాను."

చెక్క నా ముందే ఉంది. చిత్రిక పట్టి, తెల్లరంగు పూసి, ఇంకెవరిదో ముఖం కోసం సిద్ధంగా ఉంది. అదే చెప్పాను.

"ఇందులోనే ఉండీవోడా?"

"అవును పిన్నీ."

ఆమె చెక్కను రెండు చేతుల్తో ఎత్తి బరువు చూసింది. మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. నేను నియమం పాటించాను. నియమం మంచిదా కాదా అని ఆ రోజు దాకా ఆలోచించలేదు. ఆ తర్వాత కూడా మార్చలేదు. మీరు ఈ ఒక్క చోట నాలా ఉండకండి. చేసిన ప్రతి పనికీ ఒక ప్రతి దాచుకోండి. గీసినవాళ్ళ పేరు దాని మీద రాయండి, వాళ్ళు వద్దన్నా సరే.

తెల్ల కార్డు

తొంభైల్లో ఆఫ్‌సెట్ మిషన్లు వచ్చాయి. ఫోటో ఇస్తే సాయంత్రానికి ముఖంతో సహా కార్డు చేతికి వచ్చేది. దాదా అంతకు ముందే పోయాడు. తన కార్డు మీద ముఖం వద్దని చెప్పి పోయాడు. నాకు వారానికి ఒక పని వస్తే గొప్ప.

ఆ రోజుల్లోనే ఒక వానాకాలం వరహాలుకు కామెర్లు వచ్చాయి. మూడు వారాలు మంచంలో ఉంది. పోయింది. మాకు పిల్లలు లేరు.

ఆమె కార్డు నేనే చెక్కుతానన్నాను. సేఠ్ ఫోటోతో ఆఫ్‌సెట్‌లో వేయిస్తానన్నాడు, మంచి మాటగానే అన్నాడు. నేను వినలేదు. ఆమె గీసేలాంటి ముఖంతోనే ఆమె వెళ్ళాలని నాకుంది. కాని గీయడానికి ఆమె లేదు. పెళ్ళి ఫోటో ముందు పెట్టుకుని, అద్దం బియ్యం డబ్బాకు ఆనించి, నేనే గీశాను. ముక్కుకు ఒకటి, పెదవికి రెండు. చెరిపి మళ్ళీ గీశాను. ఇరవై ఏళ్ళు చూసిన ముఖం. చెక్కి, ప్రూఫు తీసి గోడకు ఆనించాను.

నాలుగో రోజు అప్పయ్యమ్మ పలకరింపుకు వచ్చి దాన్ని చూసింది.

"బాగుంది నాయనా," అని ఇంకా దగ్గరికి వచ్చి చూసింది. "వరాలుకి ముందు పన్ను ఎత్తుగా ఉండీది గదా. పై పెదవి మీదకి ఆనీది. నువ్వు మల్లీ సరిసేసీసినావు."

పైడిరాజు కన్ను దగ్గర చేసింది పొగరు. ఇక్కడ చేసింది అది కాదు. నాకు ఆ పన్ను నిజంగా గుర్తు రాలేదు. ఆమె చెప్పాకే గుర్తొచ్చింది. మీకు ఇష్టమైనవాళ్ళను గీయవలసి వస్తే ఇంకెవరి చేతనైనా గీయించండి.

ఆ చెక్కను ఆ సాయంత్రమే చిత్రిక పట్టాను. వరహాలు కార్డు ఉత్త అక్షరాలతో వెళ్ళింది.

డబ్బాలో ఉన్నది

తర్వాత ఆమె గీత ఇంట్లో ఎక్కడైనా మిగిలిందేమోనని వెతికాను. ఎంబ్రాయిడరీ కాగితాలు సూది పోట్లకు చిరిగి ఎప్పుడో పోయాయి. చెక్కలన్నీ చిత్రిక పట్టినవే. కార్డులన్నీ చించినవే. పన్నెండేళ్ళు రోజూ గీసిన మనిషిది ఒక్క గీత లేదు. అందులో సగం నా చేత్తోనే పోయింది. ఈ మాట అప్పయ్యమ్మ దగ్గర అన్నాను. ఓదారుస్తుందని కాదు, అనడానికి ఇంకెవరూ లేరు.

ఆమె లేచి లోపలికి వెళ్ళి డాల్డా డబ్బా తెచ్చింది. రేషను కార్డు, పెన్షన్ కాగితాల కింద నుంచి పైడిరాజు కార్డు తీసింది. ఒక మడత కూడా లేదు.

"సింపీమన్నారు. మా మరిది రోజూ అడిగీవోడు, సింపినావా అని. సింపీసినానన్నాను."

కన్ను వాలి ఉంది. ముక్కుకు ఒక గీత. పెదవికి రెండు. అది చెక్కింది నేనని నాకు తోచలేదు. పెన్సిలు పట్టుకున్న ఆమె చెయ్యే కనిపించింది.

"పిన్నీ, ఇది నాకిస్తావా?"

ఆమె కార్డు మీదకి వంగింది. "ఇందులో నీకేటి కనబడతన్నాది?"

"వరాలు."

"నాకు ఆడు కనబడతన్నాడు. ఏటి సేద్దుం మరి?"

నేను కార్డును ఆమె ముందుకు జరిపాను. ఆమే అంది, "నానున్నన్నాల్లూ వొచ్చి సూసుకో. ఎవులు వొద్దన్నారు?"

జెరాక్సు తీయిద్దామంటే కార్డును ఇల్లు దాటించనంది. ఫోటోగ్రాఫరును ఇంటికే తెస్తానన్నాను. సరే అంది. నేను తేలేదు. ఆదివారం ఆదివారం వెళ్ళేవాణ్ణి. డబ్బా తెరిచేది, నేను చూసేవాణ్ణి, టీ ఇచ్చేది. ఫోటో తీయిస్తే ఆ వెళ్ళడానికి కారణం ఉండదు. అందుకే వాయిదా వేశానని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం వచ్చే వారం తీయిద్దాం అనుకునేవాణ్ణి. అలా నాలుగేళ్ళు గడిచాయి.

ఒక చలికాలం ఆమె నిద్రలోనే పోయింది. కబురు అందేసరికి అన్నీ సిద్ధం చేస్తున్నారు. అర్పా నది ఒడ్డుకు నేనూ వెళ్ళాను. పాడె దించాక మరిది జేబులోంచి కార్డు తీశాడు. తనతోనే పంపించమని ఆమె ముందే మరిది కూతురికి చెప్పిందట.

"సింపీసినాననే అనీది," అన్నాడాయన. కార్డును వెలుగుకు పెట్టి చూశాడు. "అచ్చు ఆడే. కన్ను సూడు. ఎవులు గీసినారు ఇది?"

అడిగితే ఇచ్చేవాడే. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ కాదనేవారు కాదు. నాకు అది బాగా తెలుసు.

"నా భార్య," అన్నాను. "వరహాలు."

ఆయన కార్డును వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పి, నాలుగు మూలలూ చూశాడు.

"పేరెక్కడా లేదేటి?"

"వెయ్యలేదు," అన్నాను.

ఆయన వంగి కార్డును ఆమె చేతుల కింద పెట్టి, మీద గుడ్డ సర్దాడు.